మోటుపల్లి పాయ దగ్గర విన్న గంట

దయ్యాలున్నాయని నేనేనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా రాయడం లేదు. పద్దెనిమిదేళ్లుగా పిల్లలకి సోషల్ చెబుతున్నాను. చింతచెట్టు కింద ఏదో కనపడిందని ఏ పిల్లాడైనా వచ్చి చెబితే, నుదురు పట్టుకుని జ్వరం ఉందేమో చూసి, ఎండలో తిరగొద్దని చెప్పి పంపేదాన్ని. మా నాన్న నాకంటే మొండి. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే కానీ, ఎవరైనా దయ్యం మాట ఎత్తితే పనీపాటా లేదా అని కసిరి లేచిపోయేవాడు.

ఇది జరిగి రెండేళ్లయింది. వినేవాళ్లలో రెండు రకాల వాళ్లున్నారు, నవ్వేవాళ్లు, దణ్ణం పెట్టేవాళ్లు. నాకు ఆ రెండూ అక్కర్లేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. తెలియని చోట తెలియదనే రాస్తాను.

ముందు నాన్న పని గురించి చెప్పాలి. మాది నర్సరావుపేటకి దగ్గర్లో ఒక ఊరు. సాగర్ కుడికాలువ నుంచి చీలిన మేజరు కాలువ ఒకటి ఊరి పక్కనుంచే పోతుంది. నాన్న దాని మీద లస్కరు. పైనుంచి కబురొస్తే చక్రం తిప్పి షట్టరు లేపి నీళ్లు వదలడం, మళ్లీ కబురొస్తే కట్టెయ్యడం ఆయన ఉద్యోగం.

ఎండాకాలం కాలువ కట్టేస్తే దాని అడుగు ఊరందరిదీ. పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు, మడుగుల్లో చేపలు పడతారు. మేకలు తోలుకొచ్చినవాళ్లు వంతెన కింద నీడన పడుకుంటారు. నీళ్లు వాటంతటవి రావు, ఎవరో ఒకరు వదిలితేనే వస్తాయి. ఈ సంగతి మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

నాన్న షట్టరు పక్కన ఒక రైలు పట్టా ముక్క వేలాడదీశాడు. నీళ్లు వదిలే ముందు పెద్ద బోల్టు పట్టుకుని దాని మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. కాస్త ఆగి రెండు. అది వినగానే కాలువలో ఉన్నవాళ్లు కట్ట ఎక్కేవాళ్లు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం అలాగే కొట్టి చక్రం తిప్పాడు. వంతెన కింద పడుకున్న ఒక మేకలాయన లేవలేదు. మర్నాడు దిగువన ముళ్లకంపకి తట్టుకుని దొరికాడు. నాన్న తప్పని ఎవరూ అనలేదు. గంట మేమంతా విన్నామని ఊరు ఊరంతా చెప్పింది. నాన్న మాత్రం ఆ మాటలకి తలూపలేదు, కాదనలేదు.

ఆ తర్వాత ఆయన పద్ధతి మారింది. మూడు, రెండు కొట్టేవాడు. కట్ట మీద మలుపు దాకా నడిచి, వంతెన కిందికి వంగి చూసి వచ్చేవాడు. ఎవరూ లేరని తేలాక ఒక్కటి కొట్టేవాడు. అప్పుడుగానీ చక్రం ముట్టుకునేవాడు కాదు. ఆ చివరి దెబ్బ ఎందుకని ఒకసారి అడిగాను. అందరూ వచ్చారని, అన్నాడు. ఎవరికి చెప్పడానికి అని అడిగితే చక్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే అప్పట్లో నాకు సిగ్గుగా ఉండేది. బళ్లో నన్ను గంటలస్కరు కూతురని పిలిచేవాళ్లు. అందరు లస్కర్లూ ఒక కేక వేసి ఊరుకుంటుంటే ఈయనొక్కడికే ఇంత తతంగమేమిటని లోపల విసుక్కునేదాన్ని.

రిటైరయ్యాక ఆ ముక్కని ఇంటికి తెచ్చుకుని చూరుకి కట్టుకున్నాడు. అప్పట్నించి కొట్టింది లేదు. నేను రాయబోయే సంగతి జరగడానికి మూడేళ్ల ముందు పోయాడు. ఆ ఏడే ఇల్లు సర్దుతూ, ఇంటిముందుకి పాత సామాన్ల బండి వస్తే ఆ ముక్కని దానికి వేసేసి, బదులుగా నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు తీసుకున్నాను. మంచి బేరమే అనుకున్నాను.

ఇక మోటుపల్లి సంగతి. మా చర్చిలో యూత్ పనులు చూసేది ప్రభుదాసు. నర్సరావుపేటలో మందుల షాపులో పని, నాకంటే పదేళ్లు చిన్న, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. వేసవి సెలవుల్లో పిల్లల్ని రెండు రోజులు సముద్రం దగ్గర క్యాంపుకి తీసుకెళదామని పట్టుబట్టాడు. పందొమ్మిది మంది పేర్లిచ్చారు. వాళ్లలో ఒక్కరు కూడా అప్పటిదాకా సముద్రం చూడలేదు. ఎలాగూ వెళుతున్నాం కదా, ఓడలు ఆగిన పాత రేవు చూపిస్తే పాఠం కూడా ఒంటబడుతుందని మోటుపల్లి పేరు చెప్పింది నేనే.

పద్నాలుగేళ్ల కెజియాని వాళ్లమ్మ ఏలీశమ్మ చివరిదాకా పంపనంది. భర్త లేడు, ఒక్కతే కూతురు. మిరపకోతలకి పోయి చదివించుకుంటోంది. రెండుసార్లు ఇంటికెళ్లి బతిమాలాను. మూడోసారి వాకిట్లోనే నా చెయ్యి పట్టుకుంది.

"సముద్రం సంగతి నాకు తెలవదు టీచరమ్మా. నీ మొకం జూసి పంపిస్తన్నా. ఎట్టా తీసకపోతన్నావో అట్టా తీసకరా."

అలాగే తెస్తానని మాటిచ్చాను. ఆ మాట ఎంత బరువో అప్పుడు నాకు తెలియదు.

తెల్లవారుజామునే బయల్దేరి మినీ బస్సులో చిలకలూరిపేట మీదుగా వెళ్లాం. బియ్యం, గోంగూర పచ్చడి, కారప్పొడి డబ్బాలు, వంట గిన్నెలు, ఆ నీలం బకెట్టు. మా వాళ్లకి ఎక్కడికెళ్లినా కారం లేనిదే ముద్ద దిగదు. సరుగుడు తోట పక్కన మగపిల్లలకి టెంట్లు వేశాం. ఆడపిల్లలకి తుఫాను షెల్టరులో ఒక గది ఇచ్చారు.

ఆ పొద్దునే పాత గుడి దగ్గర శాసనం ఉన్న రాతిస్తంభం చూపించాను. సముద్రం మీద వచ్చే వర్తకులకి ఇక్కడ ఏ భయమూ ఉండదని కాకతీయ రాజు రాయించిన శాసనం అది. ఆ అభయం మనకి కూడా ఉంటుందా అని ఎవరో అడిగారు. మనం వర్తకులం కాదురా, మిరపకాయల వాళ్లం, మనకుండదు అన్నాడు ప్రభుదాసు. అందరం నవ్వుకున్నాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సముద్రం ఒడ్డుకి నడిచాం. అక్కడ ఒక ఉప్పుటేటి పాయ సముద్రంలో కలుస్తుంది. పాయకి అవతల పొడుగ్గా ఒక ఇసక దిబ్బ, దాని అవతల సముద్రం. పొద్దున చూసినప్పుడు పాయ నిండుగా ఉంది. మూడున్నరకి వెళ్లేసరికి చీలమండల దాకానే ఉన్నాయి నీళ్లు. అడుగున గవ్వలు కనిపిస్తున్నాయి.

పిల్లలు ఒక్క కేక పెట్టారు, కాలువ కట్టేశారని. ప్రభుదాసు కూడా, పైన ఎక్కడో కట్టేసినట్టున్నారక్కా, రేపటిదాకా రావు నీళ్లు అన్నాడు.

ఇక్కడ నా తప్పు నేను రాసుకోవాలి. ఆటుపోట్ల పాఠం నేను ఏటా చెబుతాను. బోర్డు మీద చంద్రుడి బొమ్మ వేసి మరీ చెబుతాను. పున్నమి రేపోమాపో అని కూడా తెలుసు. అయినా ఖాళీ అయిన ఆ పాయని చూడగానే నాకు తోచింది కూడా అదే, కట్టేశారని. పుట్టిన దగ్గర్నించి చూసిన నీళ్లు అలాంటివి మరి. చదువు నోట్లో ఉంటుంది, కాలువ ఒంట్లో ఉంటుంది.

పందొమ్మిది మందీ, మేమిద్దరమూ నడిచి దిబ్బ మీదికి వెళ్లాం. పిల్లలు కబడ్డీ గీతలు గీశారు. ప్రభుదాసు ఫోనులో వీడియో తీస్తున్నాడు. కెజియా ఆట మాని నా బకెట్టులో గవ్వలు ఏరుతోంది. నేను పాయకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. ఎండ కాస్త తగ్గింది. గాలి సముద్రం మీదనుంచి ఒడ్డుకి బలంగా కొడుతోంది. మనసు చానా రోజులకి హాయిగా ఉంది.

నాలుగున్నర దాటి ఉంటుంది. ఇనుము మీద ఇనుముతో కొట్టిన చప్పుడు వినిపించింది. మూడు దెబ్బలు. కాస్త ఆగి రెండు.

భయం వెయ్యలేదు. ఎవరు కొట్టారన్న ఆలోచన కూడా రాలేదు. చిన్నప్పుడు ఎలా లేచేదాన్నో అలాగే లేచి నిలబడి, అందరూ పైకి రండి అని అరిచాను. పైకి అంటే ఎక్కడికో నాకే తెలియదు. వెనక్కి తిరిగితే పాయలో నీళ్లు కదులుతున్నాయి. సముద్రంలో నుంచి లోపలికి, మా వెనకగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి.

పిల్లలు అప్పటికే ఆట ఆపేసి నిలబడి ఉన్నారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమన్నాను. ప్రభుదాసు ముందు, నేను వెనక. మధ్యలోకి వచ్చేసరికి నాకు నడుము దాకా వచ్చాయి. నీళ్ల లాగుడికి కాళ్ల కింద ఇసక జారిపోతోంది. గట్టెక్కాక లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది. మళ్లీ లెక్కపెట్టాను. పద్దెనిమిదే.

కెజియా దిబ్బ మీద ఉంది. వరస కట్టే హడావుడిలో చెయ్యి వదిలించుకుని ఎప్పుడు వెనక్కి వెళ్లిందో ఎవరూ చూడలేదు. మేం కూర్చున్న చోటికి పరిగెత్తి, నీలం బకెట్టు తీసుకుని తిరిగొస్తోంది. వాళ్లింట్లో ఒక గిన్నె కనిపించకపోతే తల్లీకూతుళ్లు వీధంతా వెతుకుతారు. ఒకళ్ల వస్తువు పోగొట్టడమంటే ఆ పిల్లకి ప్రాణం పోయినంత పని. నీళ్ల అంచు దాకా వచ్చి ఆగిపోయింది. కెజియాకి ఈత రాదు.

నాకు వచ్చు. కాలువలో నాన్న నేర్పించిన ఈత. దిగాను. పాయ మధ్యలో గుండెల దాకా, ఆ తర్వాత కాళ్లకి నేల అందలేదు. ఏలీశమ్మ చెయ్యి నా చేతి మీద ఉన్నట్టే ఉంది. ఎలా చేరానో చేరాను. పిల్ల చెయ్యి పట్టుకుంటే, రెండో చేత్తో బకెట్టు పట్టుకునే నీళ్లలోకి దిగింది. బకెట్టు నిండి మమ్మల్నిద్దర్నీ పక్కకి లాగుతోంది.

"వదిలెయ్యి దాన్ని."

"మీది గదక్కా."

"వదిలెయ్యమంటన్నా నిన్ను."

వదిలేసింది. దాని జుట్టు పట్టుకున్నానో, భుజం పట్టుకున్నానో నాకు గుర్తు లేదు. ఈ గట్టు దగ్గర ప్రభుదాసు మెడలోతు నీళ్లలో దిగి చెయ్యందించాడు. కెజియా కాళ్లు ఇసక మీద ఆనాయి. సరిగ్గా అప్పుడు ఇంకో దెబ్బ వినిపించింది. ఒక్కటే.

చుట్టూ చూశాను. పిల్లలు ఏడుస్తున్నారు, ప్రభుదాసు దగ్గుతున్నాడు. ఒక్కరు కూడా తల తిప్పలేదు. నీళ్లు చెవుల్లోకి పోయి అలా అనిపించిందేమో అనుకున్నాను. ఆ చివరి దెబ్బ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా కేకలు విని పల్లెపాలెం నుంచి ఒక ముసలాయన వల భుజానేసుకుని పరిగెత్తుకొచ్చాడు. పాయ వైపు చూసి, మా వైపు చూసి, తిట్టబోయి మానుకున్నాడు. పోటెక్కేటప్పుడు ఆ పాయ వెనకనించి నిండుతుందట. సముద్రం వైపు చూసే వాళ్లకి తెలియదట. ఇంకో పావుగంట కూర్చుని ఉంటే నిలువెత్తు నీళ్లు దాటి రావాల్సి వచ్చేదట.

"మరి లెగిసి రమ్మని ఎవరు జెప్పారమ్మా మీకు?"

గంట వినిపించిందన్నాను.

"ఇక్కడ గంటేంది తల్లీ," అన్నాడాయన.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున నేను వాకబు చేశాను. బడికి సెలవులు, పైగా అక్కడుండేది కరెంటు బెల్లు. గుడిగంట కంచుది, చాలా దూరం. గాలి సముద్రం మీదనుంచి ఊళ్లోకి కొడుతోంది కాబట్టి ఊళ్లో ఏ చప్పుడైనా మా దాకా వచ్చే వీలు లేదు. ఒడ్డున ఉన్నవి ఫైబర్ పడవలు. ఇనప పని చేసే షెడ్డు ఆ దరిదాపుల్లో లేదు.

అంతటితో ఊరుకోలేదు. ఆ రోజే దీపాలు పెట్టే వేళకి పిల్లల్ని ఒక్కొక్కర్నే షెల్టరు గదిలోకి పిలిచాను. చేతికి స్టీలు కంచం, గరిటె ఇచ్చి, నువ్వు విన్నది ఎలా ఉందో అలా కొట్టు అన్నాను. బయటివాళ్లకి వినిపించకుండా కంచం కింద దుప్పటి పెట్టాను. కెజియా జ్వరం వచ్చి పడుకుంది, దాన్ని లేపలేదు. మిగిలిన పద్దెనిమిది మందిలో పదకొండు మంది మూడు కొట్టి, ఆగి, రెండు కొట్టారు. ఏడుగురు ఏమీ వినలేదని, పక్కవాళ్లు ఆగితే ఆగామని చెప్పారు. చివర్లో ఒక్కటి కొట్టినవాళ్లు ఒక్కరూ లేరు. నాన్న రిటైరయ్యే నాటికి వీళ్లలో పెద్దవాళ్లకే అయిదారేళ్లు. ఆయన గంట వీళ్లకి గుర్తుండే వీలు లేదు.

ప్రభుదాసు తనకి ఏదో వినపడిందన్నాడు కానీ, పడవ ఇంజనేమో అక్కా అని కూడా అన్నాడు. అతని వీడియో నా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో గాలి హోరు, అలలు, కబడ్డీ కూత. ఉన్నట్టుండి కూత ఆగిపోతుంది. పిల్లల తలలు ఒకేసారి పాయ సముద్రంలో కలిసే వైపుకి తిరుగుతాయి. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేదు, పడవ లేదు, మనిషి లేడు. రెండు క్షణాల తర్వాత నా అరుపు వినిపిస్తుంది. గంట మాత్రం అందులో లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎన్నోసార్లు విన్నాను. లేదు.

ఊరు చేరిన సాయంత్రమే ఏలీశమ్మ ఇంటికి వెళ్లాను. ఇంకెవరో చెప్పకముందే నేనే మొత్తం చెప్పాను. కట్టేశారనుకుని దిగామనీ, తప్పు నాదేననీ చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"బకెట్టు బోయిందంట గదా. మా పిల్ల పోగొట్టింది, నేను కొనిస్తాలే టీచరమ్మా," అంది.

అప్పటిదాకా ఏడవనిదాన్ని ఆ వాకిట్లో కూలబడి ఏడ్చాను. అది బకెట్టు కాదు, ఏం ఇచ్చి తీసుకున్నానో ఆమెకి ఎలా చెప్పను? నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆగస్టులో కాలువకి నీళ్లు వదిలారు. ఇప్పుడు గంట కొట్టేవాళ్లు లేరు, ఫోన్లలో మెసేజీ వస్తుంది. ఆదివారం చర్చి అయ్యాక కట్ట మీద నడిచి వస్తుంటే కెజియా నాతో కలిసింది. ఎర్రటి కొత్తనీళ్లు గడ్డీగాదం తోసుకుంటూ వస్తున్నాయి. ఇద్దరం ఆగి చూస్తున్నాం. క్యాంపు సంగతి ఆ పిల్ల అప్పటిదాకా నా దగ్గర ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీళ్ల వైపే చూస్తూ అడిగింది.

"అక్కా, మూడు, రెండు కొట్టింది లేచి రమ్మని గదా. మరి నేను గట్టెక్కినాక ఒక్కటి కొట్టారే, అదెందుకు?"

నాన్న ఒక్కటి కొట్టేవాడని ఆ పిల్లకి చెప్పినవాళ్లు లేరు. పాయ దగ్గర నేను విన్నట్టు నేనెవరికీ చెప్పలేదు. నాన్న రిటైరైనప్పుడు దానికి రెండేళ్లు.

"అందరూ వచ్చారని," అన్నాను.

కెజియా తలూపింది. అది సరైన జవాబే అన్నట్టు మళ్లీ నీళ్లు చూడసాగింది. కొట్టింది ఎవరని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఈరోజుకీ తెలియదు.